పాత సందూక: చిన్న అమెరికన్ రివాల్వర్లను గుర్తుపట్టడం ఎట్లా?

రెండు సంచికల కింద ఈ పేజీలో భర్మార్ల (మూతి నుంచి మందు కూరి పేల్చే నాటు తుపాకుల) గురించి రాశాను. అప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో, వాట్సాప్ ఫొటోల్లో ఎక్కువ భాగం అరచేతిలో పట్టే చిన్న రివాల్వర్లవే. ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ ఉండదు, నికెల్ పూత సగం లేచిపోయి ఉంటుంది, అక్షరాలు అరిగి ఉంటాయి. ఇట్లాంటివి 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలో లక్షల్లో తయారయ్యాయి. ఇవి రిమ్‌ఫైర్ తూటా వాడేవి. అంటే నిప్పు రాజేసే మందు తూటా అడుగున మధ్యలో కాకుండా అంచు మడతలో ఉంటుంది. ఈసారి పేజీ మొత్తం వాటికే.

మా నాయిన పాలమూరులో తుపాకుల రిపేరు షాపులో మిస్త్రీ. పాత పిస్తోలు ఏది వచ్చినా నా చేతికిచ్చి, "అక్షరాలు తర్వాత చదువు, ముందు ఆకారం చెప్పు" అనేవాడు. ఆ మాట ఎంత నిజమో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. పేరు ఎవరైనా కొట్టుకోవచ్చు. తేదీ ఇంకోదానికి సంబంధించింది కావచ్చు. నంబర్లు మధ్యలో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి ఉండవచ్చు. కీలు ఎక్కడుంది, తూటాలు పెట్టి తిప్పే సిలిండర్‌కు రంధ్రాలెన్ని, పక్క పలక ఏ ఆకారంలో ఉంది అన్నవి మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పవు. కింది జవాబుల్లో నేను పట్టుకున్న వరస అదే.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడి పాత వస్తువుల అంగట్లో ఒక చిన్న స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ చూశాడు. ఏడు రంధ్రాలు, గొట్టం పైకి లేస్తుంది. "ఇది మొట్టమొదటి రకం, చాలా అరుదు" అని అంగడివాడు ఎక్కువ ధర చెబుతున్నాడట. పిడి అడుగున 87 వేల చిల్లర నంబరు ఉంది. ఫొటోలు పంపుతున్నాను. నిజంగా మొదటి రకమేనా? కొని పండక్కి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు, తేవచ్చా?
— మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: మొదటి రకం కాదు. రెండోది. మంచి వస్తువే, కానీ ఆ ధర పెట్టాల్సింది కాదు.

ఎట్లా తెలిసిందో చెబుతాను, ఈ పద్ధతి మీ అబ్బాయికి ముందు ముందు కూడా పనికొస్తుంది. గొట్టం పైకి లేచే స్మిత్ అండ్ వెసన్ చేతికొస్తే ముందు సిలిండర్ రంధ్రాలు లెక్కపెట్టాలి. ఏడుంటే మోడల్ 1, .22 తూటాది (ఈ అంకె సుమారుగా తూటా వెడల్పు, అంగుళాల్లో). ఐదుంటే మోడల్ ఒకటిన్నర, .32 తూటాది. ఆరుంటే మోడల్ 2, అది కూడా .32 తూటాదే, పెద్ద సైజు. ఈ మూడింటికీ గొట్టం కీలు ఫ్రేములో సిలిండర్ మీదుగా పోయే పైపట్టీ ముందు కొసన ఉంటుంది, గడియ కింద ఉంటుంది. గడియ వదిలిస్తే గొట్టం పైకి లేస్తుంది, సిలిండర్ ఊడి చేతిలోకి వస్తుంది. గొట్టం కింద ఉన్న కడ్డీకి సిలిండర్‌ను తొడిగి ఖాళీ తూటాలను ఒక్కొక్కటే బయటికి నెట్టేవాళ్లు.

మీ ఫొటోలో ఏడు రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి మోడల్ 1. ఇందులో మూడు విడతలున్నాయి. మొదటిది 1857 నుంచి 1860 వరకు, రెండోది 1860 నుంచి 1868 వరకు, మూడోది 1868 నుంచి 1880ల మొదలు దాకా. మూడోదాన్ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. గొట్టం గుండ్రంగా ఉండి పైన ఒక గట్టు ఉంటుంది, సిలిండర్‌కు నిలువు గాడులుంటాయి, పిడి కింద గుండ్రంగా తిరిగి పక్షి తల ఆకారంలో ముగుస్తుంది. మొదటి రెండు విడతలకు ఎనిమిది పలకల గొట్టం, గాడులు లేని నున్నటి సిలిండర్, అడుగు బల్లపరుపుగా ఉన్న రోజ్‌వుడ్ పిడి. మీ ఫొటోలో ఉన్నది ఈ రెంటిలో ఒకటి. చిక్కంతా ఈ రెంటి మధ్యే. అమ్మేవాళ్లు ఆడుకునేది కూడా ఇక్కడే.

మీరు పంపిన మూడో ఫొటోను పెద్దది చేసి చూడండి. ఫ్రేము ఎడమ పక్కన లోపలి యంత్రం మీద మూసిన పలక ఉంది కదా. మొదటి విడతలో ఆ పలక కాంపాసు పెట్టి గీసినట్టు చక్కటి వృత్తం, చిన్నది. మీ ఫొటోలో ఉన్నది పెద్దది, మూలలు గుండ్రం చేసిన ముక్కోణానికి దగ్గరగా ఉంది. ఈ ఒక్క గుర్తుతో తీర్పు అయిపోయింది. అయినా ఇంకో రెండు చూశాను. మొదటి విడత ఫ్రేము పక్కలు ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉంటాయి, వేలు జార్చితే మెట్టు తగలదు. మీదాని పక్కలు చదునుగా చెక్కినట్టున్నాయి. హ్యామర్‌ను మా షాపులో ఘోడా అంటారు. మొదటి విడతలో ఘోడా రెండు ముక్కలుగా ఉండేది, రెండో విడతలో ఒకే ముక్క. మీ ఫొటోలో ఒకే ముక్క.

ఇక నంబరు. మొదటి విడతవి 12 వేలకు లోపే తయారయ్యాయి. ఆ వరసనే కొనసాగిస్తూ రెండో విడత లక్షా పాతిక వేల దాకా వెళ్లింది. 87 వేలంటే రెండో విడతలో బాగా లోపలికి వచ్చినట్టు. ఇక్కడ ఒక హెచ్చరిక. మూడో విడతకు కంపెనీ నంబర్లను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అందుకని "నంబరు 5 వేలే ఉంది కాబట్టి మొదటి రకం" అని ఎవరైనా అంటే సిలిండర్ వైపు చూడండి. గాడులుంటే అది మూడో విడత, పదేళ్లు తర్వాతిది.

మీ అబ్బాయిని ఒక చిన్న అయస్కాంతం పట్టుకుని పొమ్మనండి. ఫ్రేముకు ఆనిస్తే అంటుకోకూడదు, ఎందుకంటే మొదటి రెండు విడతల ఫ్రేము ఇత్తడి, దాని మీద వెండి పూత. గొట్టానికి, సిలిండర్‌కు అంటుకోవాలి. గొట్టం మీద "2డీ క్వాలిటీ" అనే ముద్ర ఉందేమో కూడా చూడమనండి. రెండో విడతలో చిన్న చిన్న లోపాలున్న వాటి మీద కంపెనీయే ఆ ముద్ర వేసి తక్కువకు అమ్మింది. సేకరించేవాళ్లకు ఇప్పుడు అదొక ఆకర్షణ.

తేవడం గురించి మీరు అడగడమే మంచిదైంది. వద్దు. చేతి సంచీలో వద్దు, చెక్-ఇన్ బ్యాగులో వద్దు, కొరియర్‌లో కూడా వద్దు. అమెరికాలో 1968 నాటి కేంద్ర చట్టం 1898లోగా తయారైన తుపాకులను పాత వస్తువులుగా చూస్తుంది, అందుకే అక్కడ అంగట్లో అంత సులువుగా దొరుకుతోంది. ఆ మినహాయింపు శంషాబాద్‌లో విమానం దిగగానే ఆగిపోతుంది. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని దేశంలోకి తేవడం నేరం. ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా కస్టమ్స్ వాళ్లు ముందు పట్టుకుంటారు, వయసు సంగతి తర్వాత తేలుతుంది. పండక్కి వచ్చిన కొడుకు కేసుల చుట్టూ తిరగాల్సిన పని లేదు. కొనాలనుంటే అక్కడి రాష్ట్ర నియమాలు కూడా కనుక్కుని, కొని, అక్కడే ఉంచుకోమనండి.

ప్రశ్న: పాత నాణేలు సేకరిస్తాను. ఒక వ్యాపారి స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ చూపించి "ఇది 1855లో చేసింది, సిలిండర్ మీదే ఉంది చూడు" అంటున్నాడు. సిలిండర్ ఫొటో తీసుకున్నాను. అంత పాతదేనా? తీసుకోవచ్చా?
— గద్వాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1855లో చేసింది కాదు. అయ్యే వీలు కూడా లేదు. స్మిత్ అండ్ వెసన్ ఈ తరహా మొదటి రివాల్వర్‌ను బజారులో పెట్టిందే 1857లో.

సిలిండర్ మీద ఉన్న 1855 ఏప్రిల్ 3 పేటెంట్ తేదీ. దాని వెనుక ఒక పెద్ద కథ ఉంది. సిలిండర్ రంధ్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు పూర్తిగా తొలిచి, వెనక నుంచి తూటా పెట్టవచ్చనే ఆలోచనకు ఆ రోజున రోలిన్ వైట్ అనే ఆయన పేటెంట్ పొందాడు. హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ ఇద్దరూ ఆయనతో ఒప్పందం చేసుకుని, చేసిన ప్రతి రివాల్వర్‌కు 25 సెంట్లు ఇచ్చారు. ఒప్పందంలో ఒక మెలిక కూడా ఉంది. ఎవరైనా కాపీ కొడితే కోర్టుకు వెళ్లాల్సింది వైటే, ఖర్చు కూడా ఆయనదే. పాపం, వచ్చిన డబ్బులో చాలా భాగం లాయర్లకే పోయింది. 1869లో పేటెంట్ గడువు ముగిసింది. దాన్ని పొడిగించుకునే అవకాశం ఇచ్చే బిల్లును 1870లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ తిప్పి పంపాడు. సైన్యానికి మంచి రివాల్వర్లు అందకుండా ఆ పేటెంట్ అడ్డుపడిందన్న కోపం అప్పటి ప్రభుత్వంలో ఉంది.

ఇప్పుడు మీ ఫొటో. మీకు ఒక్క తేదీయే కనిపించింది, వ్యాపారి వేలు అక్కడే పెట్టాడు కాబట్టి. అదే వరసలో ముందుకు చదవండి. 1859 జులై 5, తర్వాత 1860 డిసెంబర్ 18 కూడా ఉన్నాయి. 1860 డిసెంబర్ తేదీ చెక్కిన వస్తువు అంతకుముందు తయారయ్యే వీలు లేదు. పేటెంట్ తేదీలు చదివేటప్పుడు అన్నిటికన్నా చివరిదాన్ని పట్టుకోండి. వస్తువు ఆ రోజు తర్వాతిది. ఎంత తర్వాతిదన్నది ఆకారం, నంబరు చెప్పాలి.

తీసుకోవచ్చా అంటే, వద్దు. లైసెన్సు లేని మనిషి తుపాకీ అమ్మడమే నేరం, కొన్నవాళ్లూ అందులో ఇరుక్కుంటారు. నాణేలకు, దీనికి పోలిక లేదు.

ప్రశ్న: మా మామగారు పట్వారీగా చేశారు. ఆయన పోయాక సందూకలో పాత దస్తావేజుల కింద ఒక చిన్న రివాల్వర్ దొరికింది. పైన "బ్లూ జాకెట్" అని, పక్కన 2 అని చదవగలిగాను. కంపెనీ పేరు లేదు. నల్లబడిపోయింది, చింతపండు పెట్టి తోమి, బ్రాసో వేద్దామనుకుంటున్నాను. ఇది ఏ కంపెనీది? ఇంట్లో ఉంచుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.
— నల్లగొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, ముందు చింతపండు పక్కన పెట్టండి. బ్రాసో కూడా. ఆ పూత నికెల్, ఇప్పటికే పొరలు పొరలుగా లేచి ఉంటుంది, తోమితే లేచిన చోటల్లా ఊడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం అక్షరాలకు. ఈ రకం రివాల్వర్ల మీద ముద్ర లోతు వెంట్రుకంత కూడా ఉండదు. నల్లటి మురికి ఆ గీతల్లో నిలిచి ఉంది కాబట్టే మీరు "బ్లూ జాకెట్" అని చదవగలిగారు. గట్టిగా ఒకసారి తోమితే ఆ పేరు ఇక ఎవరూ చదవలేరు. ఎమెరీ కాగితంతో తళతళలాడించి తెచ్చిన పిస్తోళ్లు మా షాపుకు చాలా వచ్చేవి. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పేరు లేదు, నంబరు లేదు, ఉత్త ఇనుప ముక్క.

ఇది హాప్‌కిన్స్ అండ్ అలెన్ కంపెనీ చేసింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో నార్విచ్ అనే ఊరు, 1868లో పెట్టిన కంపెనీ. రోలిన్ వైట్ పేటెంట్ 1869లో ముగిసిందని పై జవాబులో రాశాను కదా, ఆ గేటు తెరుచుకోగానే న్యూ ఇంగ్లండ్‌లో ఊరికొక కంపెనీ చవక రివాల్వర్ల మీద పడింది. నార్విచ్‌లో వీళ్లు, ఉస్టర్‌లో ఫోర్‌హ్యాండ్ అండ్ వాడ్స్‌వర్త్, అదే ఉస్టర్‌లో ఐవర్ జాన్సన్, మార్టిన్ బై కలిసి పెట్టిన కంపెనీ. టోకు వ్యాపారులు అడిగిన పేరు కొట్టి ఇచ్చేవాళ్లు. బ్లూ జాకెట్, డిఫెండర్, స్వాంప్ ఏంజెల్, టెర్రర్, ఎక్స్ఎల్, ఇట్లా పేర్లకు అంతు లేదు. ఒకే కంపెనీ ఒకే యంత్రం మీద పది పేర్లు వేసింది. అందుకే వీటిలో కంపెనీ పేరు కనిపించకపోవడం లోపమేమీ కాదు, అదే వాటి పద్ధతి.

పేరు పూర్తిగా అరిగిపోయిన వాటిని కూడా కొంతవరకు పట్టుకోవచ్చు. సిలిండర్ ఇరుసును వదిలించే మీట ఫ్రేముకు ఏ పక్కన ఉంది, నొక్కేదా లాగేదా? సిలిండర్‌ను ఆపే గంట్లు వెనక అంచున ఉన్నాయా, పక్కన ఉన్నాయా? పక్క పలక ఆకారం ఏమిటి? గొట్టం గుండ్రమా, పలకలా? పైపట్టీ ఉందా, కోల్ట్ కంపెనీ తొలి .22 మాదిరిగా పైన ఖాళీగా ఉందా? ఒక్కో కంపెనీ చేతి అలవాటు ఇట్లాంటి చోట్ల బయటపడుతుంది. 2 అనే అంకెను రెండో విడత అనుకోకండి. అది ఆ పేరుతో అమ్మిన సైజు గుర్తు. గొట్టం మూతి లోపలి వెడల్పును కాలిపర్స్‌తో బయట నుంచే కొలిస్తే తూటా సైజు అంచనా దొరుకుతుంది. 5.6 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే .22, ఎనిమిదికి దగ్గరగా ఉంటే .32.

మిగిలిన అక్షరాలు చదవాలంటే గదిలో లైటు ఆపేసి టార్చిని పక్క నుంచి, లోహానికి దాదాపు ఆనించి వేయండి. లేదంటే చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దినట్టు, పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. లోహం ఏమీ అరగదు, ముద్ర కాగితం మీదికి వస్తుంది. కానీ ఇవన్నీ కింద చెప్పే పని అయ్యాకే.

ఆ పని ఇది. సిలిండర్‌లో పాత తూటా ఉందో లేదో తెలియనప్పుడు దాన్ని తిప్పవద్దు, మేకుతో పొడవవద్దు, ఘోడా లాగవద్దు. నూరేళ్ల తూటా కూడా పేలవచ్చు. మందపాటి గుడ్డలో చుట్టి, గొట్టం గోడ వైపు ఉండేట్టు తాళం వేసిన పెట్టెలో పెట్టండి. స్టేషన్‌కు బస్సులో పట్టుకుని పోవద్దు. మామగారి సామానులో ఫలానా రోజు దొరికిందని ఒక దరఖాస్తు రాసి, ఫొటోలు జతచేసి, మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. వస్తువు ఎట్లా అప్పగించాలో వాళ్లే చెబుతారు. మామగారి కాగితాల్లో పాత లైసెన్సు ఉంటే దాని నకలు కూడా జతచేయండి.

ఆయుధాల చట్టం సెక్షన్ 45లో ఒక మినహాయింపు ఉంది. పాత తరహాదో, పురాతన విలువ ఉన్నదో, చెడిపోయిందో అయిన ఆయుధం, రిపేరు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరాని పక్షంలో ఆ చట్టం వర్తించదు. ఈ వాక్యంలో మొదటి సగం చదివి "పాతది కాబట్టి ఫరవాలేదు" అనుకునేవాళ్లు చాలామంది. రెండో సగమే అసలుది. రిపేరుకు కూడా లొంగదని తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, అధికారులు. వాళ్లు రాసిచ్చాక ధైర్యంగా ఉంచుకోవచ్చు. ఇంకొకటి, నూరేళ్లు దాటిన ఇట్లాంటి వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు కూడా వస్తుంది. విదేశాల్లో ఉన్న కొనుగోలుదారుకు పంపుతామని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.

ఇంత రాశానని భయపడకండి. తమంతట తాము వెళ్లి చెప్పినవాళ్ల మాట వినేవాళ్లే ఎక్కువ. దాచిపెట్టినప్పుడే చిక్కు.

ప్రశ్న: .22 తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి కదా. అప్పటి మోడల్ 1లో వాటిని పేల్చవచ్చా?
— వనపర్తి నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: పేల్చకూడదు బాబూ. మోడల్ 1 కోసం 1857లో వచ్చిన .22 షార్ట్ తూటా ఇప్పటికీ తయారవుతున్న మాట నిజమే, అమెరికాలో పుట్టిన లోహపు తూటాల్లో అంతకన్నా పాతది ఇంకా బజారులో ఉన్నది లేదు. కానీ అప్పటి దానిలో నాలుగు గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు) నల్లమందు, 29 గ్రెయిన్ల సీసం. ఇత్తడి ఫ్రేము ఆ ఒత్తిడికే లెక్క కట్టి చేసింది. నేటి పొగలేని మందు ఒత్తిడి వేరు.

ఖాళీగా ఘోడా కొట్టించడం కూడా తప్పే. రిమ్‌ఫైర్‌లో ఘోడా ముక్కు తూటా అంచు మీద పడాలి. తూటా లేనప్పుడు నేరుగా సిలిండర్ రంధ్రం అంచు మీద పడి అక్కడ సొట్ట చేస్తుంది. పాత వస్తువు చూసేటప్పుడు రంధ్రాల అంచుల్లో ఇట్లాంటి గంట్లు ఉన్నాయేమో భూతద్దంతో చూస్తాం. ఉంటే ఎవరో పిల్లలు ఆడుకున్నారని అర్థం.

ప్రశ్న: నా దగ్గర వస్తువులేమీ లేవు, పాత ఆయుధాల ఫొటోలు మాత్రం సేకరిస్తాను. ఒకదాని మీద స్మిత్ అండ్ వెసన్ పేరుంది, కానీ గొట్టం పైకి లేవదు, సిలిండర్‌తో కలిసి పక్కకు తిరుగుతుంది. నకిలీయా?
— సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: నకిలీ కాదు, చాలా మంచి ప్రశ్న. ఆ వరసలో మొదటి మాటలు మళ్లీ చదవండి: "స్మిత్ అండ్ వెసన్ కోసం తయారుచేసినది" అని ఉంటుంది. గొట్టం, సిలిండర్ కలిసి కుడి పక్కకు తిరిగేది, ఏడు రంధ్రాల .32 అయితే అది బ్రూక్లిన్‌లో మూర్ కంపెనీ చేసింది. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంతో రివాల్వర్లకు గిరాకీ పెరిగింది. రోలిన్ వైట్ పేటెంట్‌ను పట్టించుకోకుండా మూర్, పాండ్, బేకన్, వార్నర్ లాంటి వాళ్లు సొంతంగా చేసి అమ్మారు. కోర్టులో ఓడిపోయాక, చేతిలో ఉన్న సరుకు మీద ఈ ముద్ర కొట్టి అమ్ముకోవాల్సి వచ్చింది. అంటే దాని మీది పేరు చేసినవాళ్లది కాదు, గెలిచినవాళ్లది. ఒకే మూర్ రివాల్వర్ ఆ ముద్ర లేకుండా ఉంటే కేసుకు ముందరిది, ముద్రతో ఉంటే తర్వాతిది. ఫొటోలు సేకరించేవాళ్లకు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోదగ్గవి.

ఓడినవాళ్లు ఊరుకోలేదు. ఈ భాగం నాకెంతో ఇష్టం. పేటెంట్ ఉన్నది వెనక దాకా తొలిచిన రంధ్రానికి కదా, అయితే వెనక తొలవకుండా చేద్దామన్నారు. మూర్ ముందు వైపు నుంచి పెట్టే తూటా తెచ్చాడు. దాని అడుగున చిన్న మొన ఉంటుంది, సిలిండర్ వెనక ఉన్న సన్నటి కంతలోంచి ఆ మొన మాత్రమే బయటికి కనిపిస్తుంది. బ్రూక్లిన్‌లోనే స్లోకమ్ అనే రకం వచ్చింది. దాని సిలిండర్‌లో ఒక్కో గదికి ఒక్కో జారే గొట్టం ఉంటుంది, దాన్ని ముందుకు జరిపి పక్క నుంచి తూటా పెట్టాలి. ఫొటోలో సిలిండర్ చుట్టూ పొడవాటి అతుకులు కనిపిస్తే అది స్లోకమ్ అని పట్టుకోండి.

ప్రశ్న: నాలుగే రంధ్రాలు, పువ్వులాంటి సిలిండర్ ఉన్న రివాల్వర్ బొమ్మ చూశాను. అట్లాంటిది నిజంగా ఉందా?
— కొల్లాపూర్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఉందమ్మా. కోల్ట్ కంపెనీ 1871లో తెచ్చిన క్లోవర్‌లీఫ్, .41 రిమ్‌ఫైర్. సిలిండర్‌ను ఎనిమిదో వంతు తిప్పి పెడితే రెండు రేకుల మధ్య పల్లం పైకి వచ్చి, వస్తువు పల్చగా జేబులో పడుకుంటుంది. దీనికే ఐదు రంధ్రాల గుండ్రటి సిలిండర్‌తో ఇంకో రకం ఉంది. 1872 జనవరి 6న న్యూయార్క్‌లో జిమ్ ఫిస్క్ అనే పెద్ద షేర్ల వ్యాపారిని ఎడ్వర్డ్ స్టోక్స్ కాల్చింది క్లోవర్‌లీఫ్‌తోనే అని ప్రసిద్ధి. అందుకే దాన్ని ఫిస్క్ పిస్టల్ అని కూడా అంటారు.

ప్రశ్న: మా ఇంట్లో ఒక రివాల్వర్ ఉండేది. సాయుధ పోరాటం రోజుల్లో మా తాత ఒక రజాకారు దగ్గర గుంజుకున్నాడని అమ్మమ్మ చెబుతుంది. మా నాన్న దాన్ని చాలా ఏళ్ల కిందటే స్టేషన్‌లో జమ చేశాడు, రశీదు, అప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయి. ఆరు రంధ్రాలు, గొట్టం పైకి లేస్తుంది, నంబరు 52 వేల చిల్లర. ఇది ఆ రోజుల నాటి తుపాకీయేనా?
— మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ నాన్నగారు చేసింది సరైన పని, ఆ రశీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రం చేయండి.

ఆరు రంధ్రాలు, పైకి లేచే గొట్టం, .32. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 2, 1861 నుంచి 1874 వరకు 77 వేల పైచిలుకు చేశారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో కొని జేబులో పెట్టుకున్నది ఎక్కువగా ఇదే. సుమారు 35 వేల లోపు నంబర్లను యుద్ధకాలపువిగా లెక్కిస్తారు. మీది 52 వేలు, కాబట్టి 1865 తర్వాతిది. 1948లో మీ తాతగారి చేతికి వచ్చేనాటికే దానికి డెబ్బై ఏళ్లు దాటాయి.

అంతమాత్రాన అమ్మమ్మ మాట తప్పు అనుకోకండి. వస్తువు ఎప్పుడు తయారైందో లోహం చెబుతుంది, మీ ఇంటికి ఎట్లా వచ్చిందో మనుషులు చెప్పాలి. మన నల్లగొండ పల్లెల్లో జనం వడిసెలలతో, భర్మార్లతో నిలబడిన రోజులవి. దొరికిన ఏ ఆయుధాన్నయినా పట్టుకున్నారు. అంత పాత రివాల్వర్ ఒక రజాకారు నడుముకు ఉండటంలో వింతేమీ లేదు. కానీ రెండు సంగతులనూ ఒకే వాక్యంలో కలిపి రాయవద్దు. ఒక కాగితం మీద రివాల్వర్ వివరాలు: నంబరు, గొట్టం పొడవు, ముద్రలు, రశీదు తేదీ. ఇంకో కాగితం మీద అమ్మమ్మ మాటలు, ఆమె చెప్పినట్టే. ఏ ఊరు, ఏ కాలం, తాతతో ఇంకెవరున్నారు, ఆమె స్వయంగా చూసిందా, విన్నదా అన్నీ రాయండి. ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మేలు. ఈ పని దసరా దాకా ఆపకండి, ఈ ఆదివారమే కూర్చోండి.

మోడల్ 2లో తొలివాటికి పైపట్టీ మీద రెండు పిన్నులుంటాయి, తర్వాతివాటికి మూడు. మీ నంబరును బట్టి మూడుండాలి. మీరు పంపిన ఫొటోలో అక్కడ ఫ్లాష్ వెలుగు పడి ఏమీ కనిపించడం లేదు. అసలు ఫొటో ప్రింటు మీ దగ్గరే ఉంది కాబట్టి, దాన్ని స్కాన్ చేయించి పైపట్టీ భాగం ఒక్కటే పెద్దది చేసి మళ్లీ పంపండి.